తెవికీ నిర్వాహకత్వానికి సిద్ధమవుదాం – 4వ పాఠం: ‘జరిగింది’ కాదు, ‘చేశాను’

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను: తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, మీరు చేసిన మార్పుల జాబితాను మొదటి రోజు నుంచి చదువుకుంటూ వచ్చి, చూడగానే సిగ్గనిపించిన మూడింటి లింకులు రాసిపెట్టుకోమని. అవి దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఒక్కటీ దొరకలేదంటే మీరు ఇంకా తగినంత వెనక్కి వెళ్ళలేదన్నమాట. అది పూర్తిచేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి ఆ మూడింటిలో ఒకదాన్ని ఐదారు వాక్యాల్లో రాయడం నేర్చుకుందాం. నిర్వాహకత్వానికి అభ్యర్థిత్వం పెట్టేటప్పుడు ఇది మీకు పనికొస్తుంది.

ఎందుకంటే, నిర్వాహకుడికి జీతం లేదు గానీ చేతికి పదునైన పనిముట్లు వస్తాయి. పేజీని తొలగించొచ్చు, ఎవరూ మార్చకుండా సంరక్షణలో పెట్టొచ్చు, వాడుకరిని మార్పులు చేయకుండా నిరోధించొచ్చు. మామూలు వాడుకరి చేసిన తప్పుని ఇంకొకరు క్షణంలో వెనక్కి తిప్పేస్తారు. నిరోధాన్ని కూడా ఎత్తేయొచ్చు, నిజమే. కానీ వచ్చిన రోజే దెబ్బతిన్న కొత్తవాణ్ణి వెనక్కి తెచ్చే మీట ఏదీ లేదు. అందుకే ఓటు వేసేవాళ్ళు మీరు ఎన్ని వ్యాసాలు రాశారన్నదానికంటే కోపం వచ్చినప్పుడు ఏం చేశారన్నది ఎక్కువ చూస్తారు. ఇంగ్లీషు వికీపీడియాలో అభ్యర్థులకు ఏళ్ల తరబడి వేస్తున్న మూడు ప్రశ్నల్లో చివరిది ఇదే: ఎవరితోనైనా గొడవపడ్డారా, అప్పుడు ఏం చేశారు, ఇకముందు ఏం చేస్తారు? మనవాళ్ళు నోరు తెరిచి అడగకపోయినా పేజీ చరిత్ర తెరిచి చూస్తారు. తేదీ, సమయం, మార్పు ఎందుకో చెప్తూ మీరు రాసిన దిద్దుబాటు సారాంశం అన్నీ అక్కడే ఉంటాయి.

ఉదాహరణకి నా బాగోతమే చెప్తాను. కొత్తలో ప్రకాశం బ్యారేజీ వ్యాసాన్ని సొంత స్థలంలా కాపలా కాసేవాణ్ణి. బెజవాడ వాణ్ణి కదా, నాకంటే ఎవరికి తెలుసనే ధీమా. ఒక సాయంత్రం ఖాతా లేనివారెవరో వచ్చి, కట్టిన ఏడాది 1957 తీసేసి 1855 అని పెట్టారు. తిప్పేశాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తిప్పేశాను. మూడోసారి తిప్పుతూ సారాంశంలో ‘పిచ్చి రాతలు ఆపండి, తెలుసుకుని రండి’ అని రాశాను. వాళ్ళు ఇక రాలేదు. గెలిచాననుకున్నాను.

వారం తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది. కృష్ణ మీద మొదటి ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో దానికి గండిపడ్డాక ఇప్పటి బ్యారేజీ కట్టారు, అది 1957లో తయారైంది. ఆ ఏడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టారు. ఆ మనిషి చెప్పబోయింది పాత ఆనకట్ట సంగతి. మా తాతగారు కూడా చివరిదాకా ‘ఆనకట్ట’ అనే అన్నారు, బ్యారేజీ అన్న మాట ఆయన నోట ఒక్కసారీ వినలేదు. ఆ సాయంత్రం అది నాకు తట్టలేదు.

అభ్యర్థిత్వం కోసం నేను రాసుకున్న మొదటి ముసాయిదా ఇది:

‘గతంలో ఒక వ్యాసం విషయంలో చిన్న అపార్థం చోటుచేసుకుంది. కొన్ని కఠినమైన మాటలు దొర్లాయి. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించగలరు.’

ఇందులో నేను ఎక్కడున్నాను? పేపర్లో ప్రమాదాలు ‘చోటుచేసుకున్నట్టు’ అపార్థం దానంతట అదే చోటుచేసుకుంది. మాటలు దొర్లాయట! ఇంద్రకీలాద్రి మీంచి దొర్లే బండలా అవి? నా వేళ్ళతో కొట్టినవే. ఇక ‘ఎవరి మనసైనా’ అన్నది శుభలేఖలో ‘ఇదే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి’ అన్న వాక్యం లాంటిది, అందరికీ వేసింది ఎవరికీ అందదు. తప్పు దగ్గరికి వచ్చేసరికి మన భాషలో కర్త మాయమైపోవడం ఎంత తేలికో గమనించండి: జరిగింది, అయిపోయింది, అనాల్సి వచ్చింది. మీ ముసాయిదాలో ఇలాంటి క్రియలన్నిటి కిందా గీత గీసి, ఒక్కొక్కదాన్నీ ‘నేను’తో తిరగరాయండి. ఈ పాఠంలో అసలు సాధన ఇదొక్కటే.

రెండో ముసాయిదాలో ‘నేను’ వచ్చింది గానీ వెనకాలే ఊరేగింపు కూడా వచ్చింది. రోహిణి కార్తె ఎండ, పోయిన కరెంటు, ఆఫీసు టెన్షన్, పైగా ‘నిజానికి బ్యారేజీకి 1957 సరైనదే’. ఇవన్నీ నిజాలే! చాలామంది జారిపడేది ఇక్కడే. ఏడాది విషయంలో నా మాట ఒప్పయినంత మాత్రాన మనిషితో నేను వ్యవహరించిన తీరు ఒప్పు కాదు. ఆ వాక్యాలు కొట్టేస్తుంటే ప్రాణం పోయినట్టుంటుంది. కొట్టేయండి.

చివరికి ఇలా తేలింది:

‘ప్రకాశం బ్యారేజీ వ్యాసంలో ఒక కొత్తవారి మార్పును చర్చ పేజీలో అడగకుండా మూడుసార్లు తిప్పేశాను. సారాంశంలో అవమానకరంగా రాశాను. వారు చెప్పబోయింది పాత ఆనకట్ట గురించని తర్వాత తెలుసుకుని ఆ సంగతి వ్యాసంలో చేర్చాను. వారి చర్చ పేజీలో క్షమాపణ రాశాను, చూశారో లేదో తెలియదు. అప్పటినుంచి ఒకే మార్పును రెండోసారి తిప్పే ముందు చర్చ పేజీలో ప్రశ్న పెడుతున్నాను, ఇవిగో ఇటీవలి లింకులు.’

ఆ ఆఖరి వాక్యం చూపించలేకపోతే మిగతావన్నీ వృథా. మీ అలవాటు నిజంగా మారకపోతే ఇప్పుడే పోటీలో దిగకండి. కొన్ని నెలలు మార్చుకుని చూపించండి.

గుంటూరు నుంచి రిటైరైన మాస్టారొకరు తన ముసాయిదా పంపారు: ‘నాణ్యత విషయంలో రాజీపడకపోవడమే నా లోపం.’ మాస్టారూ, కోపగించుకోకండి, అది తప్పు కాదు, మెడలో మీరే వేసుకున్న దండ. మరొకరు దీనికి పూర్తిగా ఎదురు, రెండు పేజీల నిండా తనని తాను తిట్టుకున్నారు. అది చదివినవాళ్ళు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అదీ వాళ్ళ నెత్తిన బరువే. అక్షరదోషాలు, బొమ్మల సైజుల్లాంటివి ఎంచుకోవద్దు. అవతల ఒక మనిషి ఉన్న తప్పునే ఎంచుకోండి.

అభ్యాసం: మీ మూడు లింకుల్లో రాయడానికి అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నదాన్ని తీసుకుని రాయండి. ఒక రాత్రి పక్కన పెట్టండి. పొద్దున్నే, వికీ గురించి ఏమీ తెలియని ఇంట్లోవాళ్ళెవరికైనా చదివి వినిపించి, ‘ఇందులో తప్పు ఎవరిది?’ అని అడగండి. వాళ్ళు కాసేపు ఆలోచించాల్సి వచ్చిందంటే మళ్ళీ రాయాలి. మా ఆవిడ నా మొదటి ముసాయిదా విని, ‘ఎవరో ఏదో అన్నారు, పాపం మీరు మధ్యలో ఇరుక్కున్నారా?’ అంది.

వచ్చే పాఠంలో: ఓటింగు నడుస్తుండగా ఎవరో మీరు మర్చిపోయిన పాత లింకొకటి తెచ్చి పెడితే ఏం చేయాలో చూద్దాం.