పచ్చగడ్డి వాసన జన్యువును తప్పు లేకుండా చదవడం ఎలా

కోసిన పచ్చగడ్డి వాసనకు ముఖ్య కారణాల్లో ఒకటి సిస్-3-హెక్సెన్-1-ఆల్ అనే రసాయనం. దాన్ని పట్టే గ్రాహకాల్లో (ముక్కులో వాసన పసిగట్టే ప్రోటీన్లలో) ఒకటి ఓఆర్2జే3. దాని జన్యువు 6వ క్రోమోజోమ్ పొట్టి చేయి మీద, రోగనిరోధక జన్యువు హెచ్ఎల్ఏ-ఏకు సుమారు 8 లక్షల బేసుల దూరంలో ఉంది. ఆ ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల్లో 113వ స్థానంలో థ్రియోనిన్ బదులు అలనిన్, 226లో ఆర్జినిన్ బదులు గ్లుటమిన్ వస్తే గ్రాహకం మందగిస్తుంది. బెంగళూరులోని తెలుగువాళ్లలో ఈ రెండు మార్పులను చదివి, వాసన పట్టే శక్తితో పోల్చడం ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపడే పని.

పైపెట్ పట్టకముందే 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ జన్యు సమాచార భాండారంలోని ఐటీయూ సమూహాన్ని చూడండి. యూకేలో ఉంటున్న 102 మంది తెలుగువాళ్ల సమాచారం అందులో ఉచితంగా దొరుకుతుంది. ఎంతమంది కావాలో అక్కడే తేలుతుంది: అరుదైన రూపం మొత్తం జన్యు ప్రతుల్లో 10 శాతమే ఉంటే, 50 మందిలో రెండు ప్రతులూ అవే ఉన్నవాళ్లు సగటున ఒక్కరైనా రారు.

నైతిక కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం ముందే సిద్ధం చేసుకోండి. కాఫీ తాగి 30 నిమిషాలు దాటాక, నోరు పుక్కిలించి, డీఎన్ఏ కోసం ఒక్కో బుగ్గ లోపల 30 సెకన్లు స్వాబ్ (దూది పుల్ల) రుద్దాలి. తడిగానే మూత బిగిస్తే బూజు పడుతుంది, డీఎన్ఏ ముక్కలవుతుంది. ఆరబెట్టండి.

అసలు కష్టం ప్రైమర్లలో, అంటే ఏ డీఎన్ఏ భాగాన్ని కాపీ చేయాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కల్లో. వాసన జన్యువులు వందల సంఖ్యలో ఉంటాయి, ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పక్కనే ఉన్న ఓఆర్2జే2 మరీ దగ్గరి పోలిక. అందుకే ప్రైమర్లను కోడింగ్ భాగం (ప్రోటీన్‌గా మారే భాగం) లోపల కాదు, దాని బయట రెండు వైపులా పెట్టి బ్లాస్ట్‌లో (డీఎన్ఏ వరసలను పోల్చే సాధనంలో) సరిచూడండి. ప్రైమర్ 3-ప్రైమ్ చివర కింద తెలిసిన మార్పు ఏదైనా ఉంటే ఒక ప్రతి పీసీఆర్‌లో పెరగదు, హెటిరోజైగోట్ (రెండు ప్రతులూ వేరువేరు) కాస్తా హోమోజైగోట్‌గా (రెండూ ఒకటే) కనబడుతుంది. కోడింగ్ భాగం మధ్యలో తెగకుండా ఒకే ఎక్సాన్‌లో ఉంటుంది, వెయ్యి బేసుల లోపే. 25 మైక్రోలీటర్ల పీసీఆర్ (డీఎన్ఏను కోట్ల ప్రతులు చేసే చర్య), 20 నానోగ్రాముల డీఎన్ఏ, 35 సైకిళ్లు, 72 డిగ్రీల దగ్గర ఒకటిన్నర నిమిషం చాలు. సాంగర్ సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలను శిఖరాల గ్రాఫ్‌గా చదివే పద్ధతి) రెండు వైపులా చేయించండి. ప్రతి నమూనాలోనూ ఒకే చోట జంట శిఖరాలు వస్తే అది వైవిధ్యం కాదు, పొరుగు జన్యువు కలిసింది.

ఆ రెండు మార్పుల మధ్య 340 బేసుల దూరం. రెండూ హెటిరోజైగస్ అయితే ఒకే ప్రతిలో ఉన్నాయా, చెరొక ప్రతిలోనా అన్నది సాంగర్ చెప్పదు. ప్రతులను విడదీసే క్లోనింగో, పొడవాటి డీఎన్ఏను ఒకే ముక్కగా చదివే లాంగ్-రీడో కావాలి.

వాసన పరీక్షకు సిస్-3-హెక్సెన్-1-ఆల్‌ను మినరల్ ఆయిల్‌లో సగం సగం పలుచన చేస్తూ వరస తయారు చేసుకోండి. మూడు సీసాల్లో ఒక్కదాంట్లోనే వాసన ఉంచి, పలుచటి దానితో మొదలుపెట్టండి. వరసగా నాలుగుసార్లు సరిగ్గా గుర్తిస్తేనే లెక్క. ఊహతో అలా కుదిరే అవకాశం 81లో ఒకటి. జలుబున్నవాళ్లను వాయిదా వేయండి.

ఫలితం చదివేటప్పుడు తొందరపడొద్దు. ఈ ప్రాంతంలో మార్పులు గుంపుగా, హెచ్ఎల్ఏతో కలిసి వారసత్వంగా వస్తాయి. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో రాయలసీమ, కోస్తా, తెలంగాణ వాళ్లను కలగలిపి తీసుకుంటే, కులాల లోపలి పెళ్లిళ్ల వల్ల ఏర్పడిన తేడాలే వాసన తేడాల్లా కనబడవచ్చు. సొంత ఊరు, సమూహం నమోదు చేయండి. జీనోమ్ డేటా వాడితే జీఆర్‌సీహెచ్38 (ప్రామాణిక మానవ జీనోమ్) లోని ప్రత్యామ్నాయ ఎమ్‌హెచ్‌సీ (హెచ్ఎల్ఏ జన్యువులుండే ప్రాంతం) వరసలు తెలిసిన అలైనర్‌నే (చదివిన ముక్కలను జీనోమ్‌లో చోటు చూసి అమర్చే ప్రోగ్రామ్) ఎంచుకోండి. లేదంటే రీడ్‌లు (చదివిన డీఎన్ఏ ముక్కలు) రెండు మూడు చోట్ల అతికి మ్యాపింగ్ స్కోరు (చోటు సరైనదన్న నమ్మకం) సున్నా అవుతుంది, మార్పులు జాబితాలోంచే మాయమవుతాయి.