జూడిత్ రైట్ కవిత్వాన్ని చదవడం ఎలా?

ఆస్ట్రేలియా కవిత్వంలోకి కొత్తగా అడుగుపెట్టే తెలుగు పాఠకులకు నేను మొదట చెప్పే పేరు జూడిత్ రైట్ (1915–2000). పుట్టిన నేల మీద మమకారం, ఆ నేల అసలు ఎవరిదో తెలిసిన బాధ, ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయిన కవయిత్రి ఆమె. అందుకే ఆమెను చదవడానికి ఇంగ్లీషు పాండిత్యం కంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి.

ముందుగా పటంలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగాన ఉన్న ఆర్మిడేల్ పట్టణాన్ని గుర్తించండి. ఆ చుట్టుపక్కల న్యూ ఇంగ్లండ్ పీఠభూమిలో, గొర్రెలనూ పశువులనూ పెంచే భూస్వాముల కుటుంబంలో ఆమె జన్మించారు. అక్కడ చలికాలం జూన్, జులై నెలల్లో వస్తుంది, డిసెంబరులో ఎండలు కాస్తాయి. ఈ తలకిందుల క్యాలెండర్ అలవాటైతే, ‘సౌత్ ఆఫ్ మై డేస్’ కవితలో చలిరాత్రి పొయ్యి దగ్గర కూర్చుని, కరువుల గురించీ, మందలను తోలుకెళ్లిన దూరాల గురించీ చెప్పుకుపోయే ముసలి డాన్ మనకు మన ఊరి తాతలాగే వినిపిస్తాడు.

తర్వాత 1946లో వచ్చిన తొలి సంపుటి ‘ది మూవింగ్ ఇమేజ్’ నుంచి రెండు కవితలను పక్కపక్కన పెట్టుకోండి. ‘బుల్లాకీ’లో ఏళ్ల తరబడి ఒంటరిగా ఎడ్లబండి తోలిన మనిషి మతి చలించి, తనను తాను మోషేగా భావించుకుంటాడు, అతని దారి మీద ఇప్పుడు ద్రాక్షతోటలు పెరిగాయి, నాగలికి పాత ఎముకలు తగులుతున్నాయి. ఒక్క ఈ కవితతోనే ఆగిపోతే వలస వచ్చిన తొలితరం వారికి పాడిన కీర్తనగా పొరబడతాం. వెంటనే ‘బోరా రింగ్’ చదవాలి. బోరా అంటే ఆదివాసీ తెగలు మగపిల్లలను పెద్దవారిలో కలుపుకునే క్రతువు. అది జరిగే చోట నేల మీద మట్టిగట్టుతో వలయం ఉంటుంది. కవితలో ఆ పాట పోయింది, నాట్యం పోయింది, వలయం మీద గడ్డి మొలిచింది. అటుగా గుర్రం మీద వెళ్లే వ్యక్తి మాత్రం ఏదో కనిపించని నీడకు గుండె ఝల్లుమని ఆగిపోతాడు. ఆ గుర్రపు మనిషిలో కవయిత్రి సొంత పూర్వీకులు ఉన్నారని గుర్తుంచుకుని మరోసారి చదవండి.

ఈ బాధ ఎంత దూరం వెళ్లిందో ఆమె వచన రచనల్లో తెలుస్తుంది. 1959లో తన తాత, నాయనమ్మల కథను ‘ది జనరేషన్స్ ఆఫ్ మెన్’గా రాసిన ఆమె, 1981లో ‘ది క్రై ఫర్ ది డెడ్’లో మళ్లీ అదే కాలానికి తిరిగి వెళ్లి, ఈసారి భూమి పోగొట్టుకున్న వారి గురించి రాశారు. ఒక రచయిత తన ఇంటి చరిత్రనే ఇలా తిరగరాసుకోవడం అరుదు, నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఆమె పర్యావరణ ఉద్యమాన్ని కూడా ఈ బాధ నుంచి వేరు చేయలేం. చెరకు పొలాలకు సున్నం కోసం ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంట ఉన్న పగడపు దిబ్బల వరుస గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఒక దిబ్బను తవ్వడానికి 1967లో అనుమతి కోరినప్పుడు అడ్డుకున్న వారిలో ఆమె ముందున్నారు.

కవితలను పైకి చదవడం తప్పనిసరి. ఇరవైల వయసులోనే వినికిడి తగ్గడం మొదలైనా, ఆమె పద్యాల్లో లయ కచ్చితంగా ఉంటుంది. భారంగా అనిపిస్తే 1962 నాటి ‘బర్డ్స్’ తీయండి. అందులో మాగ్‌పై పిట్టలు జేబుల్లో చేతులు పెట్టుకున్న పెద్దమనుషుల్లా దారి వెంట షికారు చేస్తాయి, తిండి కనబడగానే ఆ పెద్దరికమంతా ఎగిరిపోతుంది.

దాశరథి, సినారెల గజళ్లు తెలిసిన వారికి చివరి సంపుటి ‘ఫాంటమ్ డ్వెల్లింగ్’ (1985) ప్రత్యేకంగా నచ్చుతుంది. అందులోనూ గజళ్లు ఉన్నాయి. రదీఫ్ (ద్విపద చివర మళ్లీ మళ్లీ వచ్చే పదం), కాఫియా (దానికి ముందు వచ్చే ప్రాస) కోసం వెతకకండి. ప్రాస లేని ద్విపదలవి.

అన్నిటికంటే చివర ‘టూ డ్రీమ్‌టైమ్స్’ చదవండి. ఇది ఆదివాసీ కవయిత్రి, తన స్నేహితురాలు ఊడ్జెరూ నూనకల్‌ను ఉద్దేశించి రాసినది. ఊడ్జెరూ తొలి సంపుటి ‘వుయ్ ఆర్ గోయింగ్’ (1964) రాతప్రతిని చదివి, అచ్చువేయమని ప్రచురణకర్తకు చెప్పింది రైటే. కవిత ముగింపులో ఇద్దరి మధ్యా ఒక కత్తి ఉంటుంది. రైట్ దాన్ని తిప్పి, పిడిని స్నేహితురాలి వైపు పెడుతుంది.