క్లయింట్ రివ్యూలకి ప్రయాణాలు ఎలా మానిపించానంటే

వీడియో కాల్ అంటే మా టీమ్‌లో ఎవరికీ పడేది కాదు, బొమ్మ బానే ఉండేది కానీ మాటే సరిగ్గా వినపడేది కాదు. టేబుల్ చివర ఒక లాప్‌టాప్ పెడితే దూరంగా కూర్చున్నవాళ్ళ గొంతు బావిలోంచి వచ్చినట్టు, దానికి తోడు అదే రూమ్‌లోంచి ఇంకొకరు విడిగా జాయిన్ అయితే ఎకో గోల. అందుకే టేబుల్ మధ్యలో ఒకటే స్పీకర్‌ఫోన్ పెట్టి మిగతా లాప్‌టాప్‌లకి మైకే కాదు స్పీకర్ కూడా ఆపించా, సగం గొడవ అక్కడే పోయింది.

తర్వాత వైఫై వదిలేసి కేబుల్. మాట అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతుంటారు, డౌన్‌లోడ్ స్పీడ్ ఎంతున్నా ఇది తెలీదు, పింగ్ చూడాలి (సిగ్నల్ అటు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైమ్, అంటే రానూపోనూ లెక్క). కొత్త క్లయింట్‌ని మొదటిసారి కలవాలంటే మాత్రం ఇప్పటికీ బ్యాగ్ సర్దుకోవాల్సిందే.