జెరండా, నామవాచకమా? వాక్యం తడబడినప్పుడు చూడవలసినవి

పదాలన్నీ సరైనవే అయినా, ‘రిమూవింగ్’ అనాలో ‘రిమూవల్’ అనాలో తేలక ఇంగ్లీషు వాక్యం ఆగిపోతే, ముందుగా ఆ పదం తరువాత ఏముందో చూడాలి. జెరండ్ (క్రియకు ‘-ఇంగ్’ చేర్చి నామవాచకంలా వాడే రూపం) నామవాచకం స్థానంలో కూర్చున్నా దాని నడక క్రియదే కనుక, ‘రిమూవింగ్ ద కవర్’ అన్నట్లు కర్మను నేరుగా తీసుకుంటుంది. నామవాచకానికైతే ‘ద రిమూవల్ ఆఫ్ ద కవర్’ అన్నట్లు మధ్యలో ‘ఆఫ్’ వంటి ప్రిపోజిషన్ (పదాలను కలిపే చిన్న మాట) కావాలి. ‘రిమూవల్ ద కవర్’ అని రాసి, తప్పు కోసం వ్యాకరణ పుస్తకమంతా తిరగేసేవారు ఈ చిన్న పరీక్షనే వదిలేస్తారు.

ఈ పరీక్ష చేశాక కూడా వాక్యం కుదరకపోతే, తరచుగా కనిపించే కారణం ఒకటి ఉంది: నామవాచకాన్ని జెరండ్‌గా మార్చి, దాని వెంట ఉన్న ప్రిపోజిషన్‌ను మార్చకుండా వదిలేయడం. ‘డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’ సరైనదే. దానిని ‘డిస్కసింగ్’గా మార్చినవారు ‘అబౌట్’ను అలాగే ఉంచేస్తారు, చెవికి అలవాటైన మాట కాబట్టి ఎన్నిసార్లు చదివినా తప్పు కంటపడదు. ‘రిక్వెస్ట్ ఫర్ లీవ్’ నుంచి ‘రిక్వెస్టింగ్ ఫర్ లీవ్’, ‘ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ’ నుంచి ‘ఎంఫసైజింగ్ ఆన్ క్వాలిటీ’ పుట్టేది కూడా ఇలాగే.

దీనికి మందు, జెరండ్‌ను విప్పి మామూలు క్రియతో ఒక వాక్యం రాసి చూడడం. ‘వుయ్ డిస్కస్‌డ్ ద బడ్జెట్’ అంటాము కనుక ‘డిస్కసింగ్ ద బడ్జెట్’ చాలు. అలాగని కనిపించిన ప్రతి ప్రిపోజిషన్‌నూ కొట్టేయకూడదు: ‘వుయ్ రిప్లైడ్ టు ద లెటర్’ అంటాము కనుక ‘రిప్లైయింగ్ టు ద లెటర్’లో ‘టు’ ఉండి తీరాలి, కానీ ‘ఆన్సరింగ్ ద లెటర్’లో దానికి చోటు లేదు. గదిలోకి వెళ్లడం ‘ఎంటరింగ్ ద రూమ్’ అయినా, ఒప్పందం కుదుర్చుకోవడం ‘ఎంటరింగ్ ఇంటు యాన్ అగ్రిమెంట్’ కావడం కూడా ఆ క్రియల స్వభావం వల్లనే.

‘బిల్డింగ్’, ‘మీనింగ్’ వంటివి బహువచనం తీసుకునే పూర్తి నామవాచకాలుగా స్థిరపడ్డాయి. వాటితో ఇబ్బంది అరుదు. ‘హిజ్ కమింగ్’, ‘హిమ్ కమింగ్’ రెండూ వాడుకలో ఉన్నాయి, లాంఛనమైన రచనలో మొదటిది మేలు.

చివరగా, వ్యాకరణం కుదిరినా అర్థం దారి తప్పే సందర్భం ఒకటి ఉంది. ‘ఆఫ్టర్ అరైవింగ్, ద మీటింగ్ బిగాన్’ అంటే వచ్చింది సమావేశమే అన్నట్లు అవుతుంది, ఎందుకంటే అక్కడ జెరండ్‌కు కర్తగా పాఠకుడు ప్రధాన వాక్యపు కర్తనే తీసుకుంటాడు. వచ్చినవారు వేరైతే ‘ఆఫ్టర్ హర్ అరైవల్’ అని నామవాచకంతో రాస్తే ఈ చిక్కు ఉండదు.