మీ ఇంటి పిల్లవాడు డిగ్రీలో మేజర్ మారుస్తానంటే ఏం చేయాలి?

అనంతపురంలో డిగ్రీ చదివే మేనల్లుడు సెలవులకు ఊరొచ్చి, ‘మామా, ఈ కెమిస్ట్రీ నావల్ల కాదు, మారిపోతా’ అన్నాడనుకోండి. వెంటనే ‘అయితే కంప్యూటర్స్ తీసుకో’ అనకండి. ఆ సలహా ఇవ్వడానికి పక్కింటివాళ్లు ఎలాగూ ఉన్నారు. వాడి బాధ ఉత్తది కాకపోవచ్చు. మునుపు డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి, ఒకటి ఎక్కకపోయినా మిగతా రెండూ లాగేవి. 2023-24లో సింగిల్ మేజర్‌తో, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టుతో చేరినవాళ్లకు ఆ వెసులుబాటు లేకపోయింది.

ముందు వాడు దేన్నుంచి తప్పించుకోవాలనుకుంటున్నాడో తేల్చండి. నలుగురిలో అడిగితే చెప్పడు. బండెక్కించుకుని పోయి, ఉగ్గాని బజ్జీ తినిపిస్తూ అడగండి. సబ్జెక్టే ఎక్కడం లేదా, ఒక్క పేపరు తప్పాడా, హాస్టల్లో ఏమన్నా ఇబ్బందా? ఇంకొకటి కూడా చూడాలి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాడికి విషయం తెలిసినా రాయడం రాదు. మేజర్ మార్చినా ఆ ఇంగ్లీషు వెంటే వస్తుంది. తప్పిన పేపర్లోంచి ఒక ప్రశ్న తీసి తెలుగులో చెప్పమనండి. గడగడా చెప్పేశాడంటే మార్చాల్సింది మేజర్ కాదు.

తెలుగులోనూ నోరు పెగలకపోతే అప్పుడు కొత్త సబ్జెక్టు సంగతి. సీనియర్ల దగ్గర దాని మొదటి సెమిస్టర్ పుస్తకం తెప్పించి, రెండు వారాలు రోజూ ఓ గంట చదవనీయండి. తర్వాత పాత ప్రశ్నపత్రం ముందుపెట్టి రాయించండి. ‘ఎకనామిక్స్ అంటే ఇష్టం’ అనేవాళ్లలో కొందరికి ఇష్టం ఎకనామిక్స్ కాదు, అది చదివే స్నేహితుడు.

ఆ డిగ్రీతో ముందుకు ఏమేం చేయొచ్చో కూడా చూడండి. ఏ డిగ్రీ ఉన్నా ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంబీఏ చేయొచ్చు. ఎంసీఏకి మాత్రం ఇంటర్లోనో డిగ్రీలోనో గణితం ఉండాలేమో ముందే కనుక్కోండి. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో పీజీ అన్నా, బీఎడ్ చేసి టీచరు కావాలన్నా డిగ్రీలో ఏం చదివాడన్నది లెక్కలోకొస్తుంది. ఇంటర్ గ్రూపు సంగతీ మరవొద్దు. ఎంపీసీ పిల్లవాడు బీకాంకి పోవచ్చు, సీఈసీ వాడికి ఫిజిక్స్ మేజర్ కుదరదు.

ఇక కాలేజీ ఆఫీసు. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మార్పుకు గడువెప్పుడు? సీటు ఖాళీ ఉందా? పాసైన పేపర్లు లెక్కకొస్తాయా? మళ్లీ మొదటి ఏడాదిలో చేరాల్సొస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? ఆ చివరిదే అసలు ప్రశ్న. ‘అయిపోతుందిలే’ అన్న నోటిమాట నమ్మి మా ఇంట్లో ఒకరికి ఏడాది పోయింది. దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం, స్టాంపు వేయించుకోండి.

నాయనకు చెప్పడం ఆఖరున. శనక్కాయలు విత్తే రోజుల్లో, విత్తనాలకు అప్పు కోసం తిరుగుతున్నప్పుడు ఈ మాట ఎత్తకండి, ఎండాకాలంలోనే తేల్చుకోండి. మాట్లాడాల్సింది వాడు, మీరు పక్కన కూర్చుంటే చాలు. ‘ఇంకెన్నేండ్లు పడుతుంది, ఎంతవుతుంది?’ అని నాయన అడుగుతాడు. ఆ రెండింటికీ జవాబు వాడి చేతే కాగితం మీద రాయించి తీసుకెళ్లండి.