టర్కిష్ ప్రత్యయాల దగ్గర ఇరుక్కున్నారా? ఒకసారి తెలుగులో అనుకుని చూడండి

టర్కిష్ నేర్చుకునేటప్పుడు మనం చేసే తప్పుల్లో సగం ఇంగ్లిష్ పుస్తకాల వల్ల వస్తాయి. మిగతా సగం మన తెలుగు వల్లే.

సమస్య: ఎవ్‌దె అంటే ఇంట్లో, అరబాద అంటే కారులో, పార్క్‌త అంటే పార్కులో. ఒక్క 'లో'కి ఇన్ని వేషాలా?

కారణం: పదంలోని చివరి అచ్చు. అది అ, ఒ, ఉ, చుక్కలేని i (ı అనే టర్కిష్ అక్షరం) అయితే 'ద'. ఎ, ఇ అయితే 'దె'. పెదాలు గుండ్రంగా చుట్టి ఎ, ఇ పలికితే వచ్చే రెండు అచ్చులూ దీని జట్టే. పదం క, ప, త, స లాంటి హల్లుతో ముగిస్తే 'ద' కాస్తా 'త' అవుతుంది.

పరిష్కారం: మనం బడికి అంటాం, నాకు అంటాం. 'బడికు', 'నాకి' అని ఎవరూ అనరు. ఇది కూడా అలా చెవికి అలవాటు కావలసిందే. పట్టిక బట్టీ పట్టకుండా పైకి పలుకుతూ తగిలించండి.

సమస్య: గజెతె, గజెతెయి. రెండూ 'పేపరే' కదా?

మనం "పేపర్ చదివావా?" అన్నప్పుడు అది ఏదో ఒక పేపర్ కావచ్చు, బల్లమీదున్న ఆ పేపరే కావచ్చు. 'ని' మింగేసినా మనకు నడుస్తుంది. టర్కిష్‌లో నడవదు. ఫలానా పేపర్ అయితే 'యి' పడాల్సిందే.

సమస్య: "నాకు ఇద్దరు తోబుట్టువులు ఉన్నారు" అని "బానా ఇకి కర్దెష్‌లెర్ వార్" అన్నారు. ఎదుటివాళ్ళకి విషయం అర్థమవుతుంది గానీ వాక్యంలో రెండు తప్పులున్నాయి. అక్కడ 'నాకు' (బానా) కాదు, 'నా' (బెనిమ్, దానికి జోడీగా పదం చివర 'ఇమ్'). అంకె చెప్పాక బహువచనం అక్కర్లేదు. సరైన మాట: బెనిమ్ ఇకి కర్దెషిమ్ వార్.

ఇక అసలు తలనొప్పి, క్రియ చివర తగిలే 'మిష్'.

సమస్య: సినిమాకి వెళ్ళొచ్చి "సినెమాయా గిత్‌మిషిమ్" అంటే వినేవాళ్ళు నవ్వుతారు.

కారణం: ఇంగ్లిష్ పాఠాల్లో దీన్ని మరో రకం భూతకాలంగా చదివి, వాడేస్తాం. మీరు నిజానికి అన్నది "నేను సినిమాకి వెళ్ళానట"!

పరిష్కారం: తెలుగులో అనుకోండి. గెల్ది అంటే వచ్చాడు, గెల్మిష్ అంటే వచ్చాడట. ఈ తేడా ఇంగ్లిష్‌వాళ్ళకు కొత్త, మనకు వెన్నతో పెట్టిన విద్య. అయితే 'ట' ఒక్కటే చాలదు. పొద్దున కిటికీ తీస్తే వీధంతా మంచు. పడుతుండగా చూడలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా అక్కడ మిషే వస్తుంది. అది మన "పడినట్టుంది". కాబట్టి 'ట' కుదరకపోతే 'నట్టుంది' పెట్టి చూడండి. రెండూ కుదరకపోతే 'ది' వాడండి.

మరి 'మిషిమ్' అసలు వాడమా? పొద్దున అలారం మోగినా లేవక క్లాసు పోగొట్టుకున్నారనుకోండి, "ఉయుయకల్‌మిషిమ్" అనండి. నాకు తెలియకుండానే నిద్రపోయినట్టున్నాను అని. అక్కడ ఎవరూ నవ్వరు.