తాగి బండి నడిపినవాడి వల్ల ఇంటి మనిషి పోతే: తొలి నెలల్లో కుటుంబం చేయవలసిన పనులు

మద్యం మత్తులో ఎవరో నడిపిన బండి కింద ఇంటి మనిషి పోయిన కుటుంబానికి, చాలాసార్లు దినకర్మలు ముగియకముందే పెద్దమనుషుల ద్వారా రాజీ కబురు వస్తుంది. రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ సంతకం పెట్టకండి. ఎందుకో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

ముందుగా ఎఫ్ఐఆర్ ప్రతిని తీసుకోండి. దాన్ని ఉచితంగానే ఇవ్వాలి. డ్రైవరు తాగి ఉన్నట్టు చూసినవారుంటే ఆ మాటను ఫిర్యాదులోనే రాయించండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది కాబట్టి పరీక్ష చేశారా, ఎన్ని గంటలకు చేశారన్నది అదే రోజు అడిగి తెలుసుకోవాలి.

గాయపడినవారు కొన్ని రోజుల తర్వాత చనిపోవచ్చు. 2016 జులైలో హైదరాబాద్ పంజాగుట్టలో మద్యం తాగిన విద్యార్థుల కారు వల్ల ఒకే కుటుంబంలో ఒకరు అక్కడికక్కడే మరణించగా, పదేళ్ల పాప, ఆమె తాత ఆ తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. అలా జరిగితే పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి కేసులో సెక్షన్లు మార్పించాలి. ఎంత బాధాకరమైనా పోస్టుమార్టం వద్దనకండి. గాయాలకూ మరణానికీ సంబంధాన్ని చూపే ప్రధాన ఆధారం అదే.

పరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. చట్టం పెట్టిన గడువు 6 నెలలు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. డ్రైవరు తాగి ఉన్నాడన్న కారణంతో బీమా కంపెనీ బాధితులకు చెల్లింపు ఎగ్గొట్టడానికి వీల్లేదు. ముందు మీకు చెల్లించి, తర్వాత వాహన యజమాని నుంచి రాబట్టుకోవాలి.

ఇక లెక్క. నెలకు 15,000 సంపాదించే 34 ఏళ్ల తాపీమేస్త్రీ, ఆయన మీద ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల పద్ధతిలో భవిష్యత్తు ఆదాయానికి 40 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే నెలకు 15,750 మిగులుతుంది. దాన్ని 12తోనూ, ఆ వయసుకు నిర్ణయించిన 16తోనూ హెచ్చవేస్తే 30,24,000 రూపాయలు. గృహిణి మరణించినా ఆమె ఇంటి పనికి ఆదాయం లెక్కగట్టాల్సిందే. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఉచితం.

నిద్ర పట్టకపోయినా, పిల్లలు బడికి వెళ్లడానికి భయపడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల వాటాను ట్రిబ్యునల్ సాధారణంగా వారికి 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది కనుక, బడి ఫీజులకు ఆ వడ్డీ క్రమం తప్పకుండా తల్లి ఖాతాలో పడేలా ఉత్తర్వు కోరమని వకీలుకు ముందే చెప్పి ఉంచండి.